బొగ్గుసీమలో నియోజకవర్గముల పునర్విభజన

నేటి పెద్దపల్లి జిల్లాలో, ధర్మారము మండలమున, మేడారము అను గ్రామము కలదు. సమ్మక్క సారలమ్మల జాతర జరుగు మేడారము ఇది కాదు. అది ములుగు అడవులలోనిది. జాతర లేకున్నను ఈ మేడారమునకు ఒకప్పుడొక ఘనత యుండెను. గోదావరిఖని బొగ్గుబావులలో దిగి పనిచేయు వేలాది కార్మికులు, విద్యుత్కేంద్రపు ఉద్యోగులు, ఎరువుల కర్మాగారము నాశ్రయించిన కుటుంబములు, వీరందరును ఓటు వేసి పంపిన శాసనసభ్యునికి 'మేడారము శాసనసభ్యుడు' అనియే పేరు. 2001 జనాభా లెక్కలలో రామగుండము పట్టణము 2 లక్షల 35 వేలకు పైబడిన జనముతో నాటి జిల్లా కేంద్రమైన కరీంనగరును సైతము మించియుండెను. అంతటి పట్టణమునకు శాసనసభలో తన పేరిట స్థానము లేదు. 2009 ఎన్నికలతో ఈ స్థితి మారినది. మేడారము పేరు పోయినది. రామగుండము పేరు వచ్చినది.

ఒక సాయంకాలము మేము గోదావరిఖని చౌరస్తా సమీపమున ఒక టీకొట్టు ముందు కూర్చుండియుండగా, బావిపని చేసి దిగిపోయిన వృద్ధుడొకడు మా ప్రక్కనే కూర్చుండెను. ఎన్నికల ప్రసంగము వచ్చినది. "అప్పట్ల మా ఎమ్మెల్యే ఎవరయ్యా అంటే మేడారం ఎమ్మెల్యే అనేటోళ్లం సారూ. ముప్పై ఏండ్లు బాయిల దిగిన. ఒక్కనాడు గూడ మేడారం మొకం చూడలే" అని ఆయన నవ్వెను. కొంత తడవు మౌనముగ నుండి, "ఇప్పుడు మా ఊరి పేరు మీదనే ఎమ్మెల్యే ఉన్నడు. కానీ బాయిలే తక్కువైనయ్" అనెను. ఈ రెండు మాటల నడుమ నున్న చరిత్రనే నేడు మేము శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ప్రజాస్వామ్యములో అధికారము ఓటరు చేతిలో నున్నదని మనము నిత్యము వినుచుందుము. అది నిజమే. కాని ఆ ఓటు ఏ ఇతర ఓట్లతో కలిపి లెక్కింపబడవలెనో నిర్ణయించునది ఓటరు కాదు, పటము మీది ఒక గీత. ఆ గీత గీయు పనిని నియోజకవర్గముల పునర్విభజన అందురు. జనాభా లెక్కలు ముగిసిన పిదప పార్లమెంటు ఒక చట్టము చేయును. ఆ చట్టము ననుసరించి ఒక కమిషను ఏర్పడును. ఆ కమిషను ఇచ్చిన ఉత్తర్వునకు చట్టముతో సమానమగు బలము కలదు. రాజకీయ పక్షముల వారు కమిషను నెదుట తమ వాదము చెప్పుకొనవచ్చును, ఆ రాష్ట్రపు సభ్యులు కొందరు సహసభ్యులుగ కూర్చుండి సలహా నీయవచ్చును; వారికి ఓటు మాత్రము లేదు.

లెక్క చూచుటకు సులభమైనది. రాష్ట్ర జనాభాను శాసనసభ స్థానముల సంఖ్యచే భాగించిన ఒక సగటు వచ్చును. జిల్లా జనాభాను ఆ సగటుచే భాగించిన ఆ జిల్లాకు ఎన్ని స్థానములో తెలియును. పిమ్మట జిల్లా లోపల మండలములను ప్రక్కప్రక్కన చేర్చి, ఒక్కొక్క స్థానమునకు ఇంచుమించు సమానమగు జనము వచ్చునట్లు కూర్చవలెను. ఈ పని పది సంవత్సరముల కొకమారు జరుగుచుండినచో పట్టణము పెరిగిన కొలది దాని బలమును క్రమముగ పెరుగుచుండెడిది. కాని అట్లు జరుగలేదు.

1976లో 42వ రాజ్యాంగ సవరణము స్థానముల సంఖ్యను 1971 జనాభా లెక్కలకు కట్టివేసెను. కుటుంబ నియంత్రణమును శ్రద్ధతో పాటించిన రాష్ట్రములు జనము తగ్గినందువలన పార్లమెంటులో బలము కోల్పోరాదను భావము దీనికి కారణము. అది న్యాయమైన భావమే. అయితే ఆ కట్టు ఒక రాష్ట్రమునకు మరియొక రాష్ట్రమునకు మధ్యనే గాక, ఒకే జిల్లాలోని పల్లెకును పట్టణమునకును మధ్య కూడ పడినది. ఆంధ్రప్రదేశములో 1978 నుండి 2004 వరకు ఏడు సాధారణ ఎన్నికలు ఆ పాత గీతల మీదనే జరిగినవి. ఆ గీతలు గీచుటకు ఆధారమైన 1971 లెక్కలనాడు రామగుండము ఎట్లుండెను? గోదావరి యొడ్డున బావులు తెరచి పదియేండ్లు మాత్రమే అయినది. జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రమునకు శంకుస్థాపన 1978లో గాని జరుగలేదు. ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించినది. అనగా ఊరు కట్టుబడి యగుటకు ముందే ఊరి బలము నిర్ణయమైపోయినది!

ఆ తరువాత పావు శతాబ్దము పాటు ఊరు పెరిగినదే గాని ఓటు విలువ పెరుగలేదు. కరీంనగరు, వరంగల్లు, ఆదిలాబాదు జిల్లాల పల్లెల నుండియు, దూరపు రాష్ట్రముల నుండియు జనము వచ్చి చేరిరి. తట్టాచెమ్మాసు పట్టినవాడు క్వార్టరు సంపాదించెను. క్వార్టరు దొరకనివాడు గుడిసె వేసికొనెను. వీరందరును ఒక్క సభ్యునే పంపిరి. జనము తరిగిపోవుచున్న నియోజకవర్గములును ఒక్కొక్క సభ్యునే పంపుచుండెను. అచ్చటి ఓటు బరువైనది, ఇచ్చటి ఓటు తేలికైనది.

ఇట్టిది మన దేశమునకే పరిమితమని తలంపరాదు. ఇంగ్లండులో ఓల్డ్ సారమ్ అను చోట ఊరే మాసిపోయి గుట్ట మాత్రము మిగిలిన కాలమున కూడ, ఆ గుట్ట పార్లమెంటునకు ఇద్దరు సభ్యులను పంపుచుండెను. నూలుమిల్లుల మాంచెస్టరునకు ఒక్కడును లేడు. 1832 సంస్కరణ చట్టము దీనిని సరిదిద్దినది. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రము 1901 తరువాత అరువది ఏండ్ల పాటు తన గీతలను కదపలేదు. ఆ లోపల నగరములు పెరిగినవి, అధికారము పల్లెల చేతనే నిలిచినది. 1962లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఈ విషయమును విచారించు అధికారము న్యాయస్థానములకు కలదని తీర్పు చెప్పిన పిదప గాని కదలిక రాలేదు. యంత్రము జనమును తెచ్చి ఒకచోట కుప్ప పోయును. చట్టము ఆ కుప్పను ఆలస్యముగ చూచును. మాంచెస్టరునకు జరిగినదియు గోదావరిఖనికి జరిగినదియు ఒక్కటే.

మన దేశములో 84వ సవరణము మొత్తము స్థానముల సంఖ్యను 2026 తరువాత జరుగు మొదటి జనాభా లెక్కల వరకు కదపరాదని చెప్పుచునే, రాష్ట్రము లోపలి గీతలను మార్చుకొనుటకు వీలు కల్పించెను. 2003లో 87వ సవరణము అందులకు 2001 లెక్కలను ఆధారము చేసెను. న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ అధ్యక్షత వహించిన కమిషను పటములను తిరిగి గీచెను. 2008 ఫిబ్రవరి నుండి ఆ గీతలు అమలులోనికి వచ్చినవి. ఆంధ్రప్రదేశములో వాని మీద జరిగిన మొదటి సాధారణ ఎన్నిక 2009 నాటిది.

ఇప్పుడు శ్రోతలు కొంచెము లెక్క వినవలెను. 2001లో ఆంధ్రప్రదేశపు జనాభా 7 కోట్ల 62 లక్షలు, స్థానములు 294. సగటున ఒక్కొక్క స్థానమునకు 2 లక్షల 59 వేల జనము. హైదరాబాదు జిల్లా జనాభాను ఈ సగటుచే భాగించిన దాదాపు 15 వచ్చును. అంతకు ముందు దానికి 13 స్థానములు. రంగారెడ్డి జిల్లాకు ఇంచుమించు 14 వచ్చును. అంతకు ముందు 6 మాత్రమే. ఆరు పదునాలుగగుట సామాన్యమైన సంగతి కాదు. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, ఉప్పల్, ఎల్.బి. నగర్, శేరిలింగంపల్లి, మల్కాజిగిరి, రాజేంద్రనగర్, ఈ పేర్లన్నియు 2009లోనే శాసనసభ పట్టికలో మొదటిసారి కనబడినవి.

తెలంగాణమునకు 107 స్థానములు 119 అయినవనియు, కోస్తాకు 134 నుండి 123కు, రాయలసీమకు 53 నుండి 52కు తగ్గినవనియు అప్పుడు పెద్ద చర్చ జరిగినది. ప్రాంతముల పేర చూచిన అది తెలంగాణమునకు లాభము. కాని లోపలికి దిగి చూడుడు. పెరిగిన 12లో 10 స్థానములు హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలవే. ఆదిలాబాదు, మహబూబునగరు, ఖమ్మము జిల్లాలకు ఒక్కొక్కటి వచ్చినవి. వరంగల్లునకు ఒకటి పోయినది. తక్కిన జిల్లాలు ఉన్నచోటనే ఉన్నవి. కావున అది తెలంగాణ లాభమని చెప్పుట కంటె రాజధాని లాభమని చెప్పుటయే సత్యమునకు దగ్గర. గోదావరి జిల్లాల పల్లెల నుండి, కరీంనగరు పల్లెల నుండి బ్రతుకుతెరువునకై పోయిన వాడు కూకట్‌పల్లిలో అద్దెకుండి అచ్చటి లెక్కలో చేరెను. నారు పోసినది పల్లె, కోత కోసికొన్నది పట్నము.

ఇక మన కరీంనగరు జిల్లాకు పూర్వము 13 స్థానములు, తరువాతను 13. పైకి చూచిన ఏ మార్పును లేదు. కాని ఆ పదమూడింటిలో మేడారము, బుగ్గారము, ఇందుర్తి, నేరెళ్ల, కమలాపూరు, మెట్‌పల్లి అను ఆరు పేర్లు తుడుచుకొని పోయినవి. రామగుండము, ధర్మపురి, కోరుట్ల, వేములవాడ, హుస్నాబాదు, మానకొండూరు అను ఆరు పేర్లు వచ్చినవి. మెట్‌పల్లిని విడిచిన, పోయినవి దాదాపుగ పల్లెపేర్లు. మానకొండూరును విడిచిన, వచ్చినవి పట్టణముల పేర్లు, పుణ్యక్షేత్రముల పేర్లు. గోదావరికి ఆవలి యొడ్డున ఆదిలాబాదు జిల్లాలోను ఇదే కథ. లక్షెట్టిపేట పోయి మంచిర్యాల వచ్చినది. బెల్లంపల్లి క్రొత్తగా వచ్చినది. వరంగల్లు జిల్లాలో శాయంపేట పోయి భూపాలపల్లి వచ్చినది. రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి, భూపాలపల్లి, ఈ నాలుగును సింగరేణి సంస్థ బొగ్గు తీయు సీమలోని ఊళ్లే యని గమనించినచో, 2008 నాటి పటము బొగ్గుసీమను ఎట్లు పైకెత్తినదో బోధపడును.

ఇందువలన బొగ్గుకార్మికునకు మేలు కలిగినదా? కొంత కలిగినది. పూర్వము మేడారములో నిలుచు అభ్యర్థి ఒకనాడు ధర్మారము వైపు చెరువునీటిని గూర్చియు, మరునాడు గోదావరిఖనిలో క్వార్టర్లను గూర్చియు మాటాడవలసి యుండెను. ఇప్పుడు రామగుండపు అభ్యర్థి ముఖ్యముగ సింగరేణిని గూర్చియే మాటాడును. ఊరికి తనదైన నడక కూడ వచ్చినది. 2009లో ఇచ్చట గెలిచినవాడు ఏ పక్షమునకు చెందని స్వతంత్రుడు; 2018లో గెలిచినది ఫార్వర్డ్ బ్లాక్ గుర్తు. గని కార్మికుడు గుర్తింపు సంఘపు ఎన్నికలలో 1998 నుండి రహస్య ఓటు వేయుచు, ఎవరిని గద్దె నెక్కించి ఎవరిని దింపవలెనో నేర్చినవాడు. వాని ఓటు ఎవరి మూటలోనిదియు కాదు.

అయినను నష్టమును చెప్పకపోవుట న్యాయము కాదు. మేడారము షెడ్యూల్డు కులములకు కేటాయింపబడిన స్థానము. విభజనలో ఆ కేటాయింపు ధర్మపురికి చేరినది. రామగుండము జనరల్ స్థానమైనది. బావి అడుగున బొగ్గు నింపిన వారిలో దళితులెందరో మనకు తెలియును. పెద్దపల్లి లోకసభ స్థానము, అందలి చెన్నూరు, బెల్లంపల్లి శాసనసభ స్థానములు వారికి కేటాయింపబడియే యున్నవి గాని, గోదావరిఖని స్థానమున మాత్రము ఆ ద్వారము మూసికొనినది. గీత జరిగినప్పుడు పల్లె పట్టణముల తూకము మాత్రమే మారదు.

మరియొక నష్టము పల్లెలది. రామగుండము నియోజకవర్గములో పట్టణమే కాదు, అంతర్గాము, పాలకుర్తి మండలముల గ్రామములును ఉన్నవి. మేడారములో నున్నప్పుడు ఇట్టి పల్లెలకు ధర్మారము పల్లెలు తోడుండెను. అన్నియు కలిసి పట్టణమునకు ఎదురు తూగుచుండెను. ఇప్పుడు ఆ తోడు తెగినది. పట్టణపు జనసంద్రములో వీరి ఓట్లు ఒక మూలనుండును. విచిత్రమేమనగా ఎల్లంపల్లి జలాశయమునకు, ఓపెన్‌కాస్టు గనులకు, బూడిద చెరువులకు భూమి నిచ్చునది ఇట్టి పల్లెలే. ఓపెన్‌కాస్టు వచ్చిన గ్రామము ముందు పొలము నిచ్చును, తరువాత ఇల్లు నిచ్చును. పరిహారము పుచ్చుకొని కొందరు పునరావాస కాలనీకి, కొందరు గోదావరిఖనికి, కొందరు హైదరాబాదునకు పోవుదురు. తరువాతి లెక్కలనాటికి ఆ ఊరి జనమే లెక్కలో నుండరు. భూమి పోయిన వెనుక సంఖ్య పోవును. సంఖ్య వెనుక శాసనసభలో మాట పోవును. ఈ వరుసను ఆపు నిబంధన ఏ పునర్విభజన చట్టములోను మాకు కనబడలేదు. అది లోపమని మా అభిప్రాయము.

బొగ్గుసీమ అంతయు ఒక్కచోటనే కూడినదనియు భావింపరాదు. సెంటినరీ కాలనీ వైపు గనులు, వానిని నమ్ముకొన్న కుటుంబములు మంథని నియోజకవర్గములో చేరినవి. 2016లో జిల్లాలను విభజించిన పిదప చిక్కు మరికొంత పెరిగినది. మంథని నియోజకవర్గము పెద్దపల్లి, భూపాలపల్లి జిల్లాల మధ్య చీలినది. మేడారము గ్రామము పెద్దపల్లి జిల్లాలో నున్నది. అది చేరిన ధర్మపురి నియోజకవర్గపు తక్కిన మండలములు జగిత్యాల జిల్లాలో నున్నవి. కలెక్టరు ఒక దిక్కున, శాసనసభ్యుడు మరియొక దిక్కున!

ఇక టీకొట్టు వద్ద వృద్ధుడు చెప్పిన రెండవ మాటకు వత్తము. బావులు తక్కువైనవని ఆయన అనెను. 1990 ప్రాంతమున సింగరేణి కార్మికులు లక్షకు పైబడి యుండిరి. నేడు అందులో సగము కూడ లేరు. భూగర్భ గనులు మూతపడుచు ఓపెన్‌కాస్టులు వచ్చిన కొలది, వందమంది చేయు పని ఒక యంత్రము చేయుచున్నది. ఎరువుల కర్మాగారము 1999లో మూతపడి, 2021లో క్రొత్త సంస్థ పేరిట తిరిగి తెరువబడినది గాని, మునుపటి కాలనీ సందడి తిరిగి రాలేదు. 2011 లెక్కలలో రామగుండము జనాభా సుమారు 2 లక్షల 30 వేలు. అనగా పదేండ్లలో పెరుగుటకు మారుగ తగ్గినది. పట్టణములన్నియు పెరుగుచున్న కాలమున ఇది తగ్గుట వినుటకు వింతగ నుండును. బొగ్గు ఊళ్లను ఎరిగినవారికి వింత కాదు. రామగుండమునకు శాసనసభ స్థానము వచ్చిన నాటికే దాని పొంగు తగ్గుముఖము పట్టియుండెను.

మరి ముందేమి? 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టపు 26వ విభాగము తెలంగాణ శాసనసభ స్థానములను 119 నుండి 153కు పెంచవచ్చునని చెప్పినది. అయితే రాజ్యాంగపు 170వ అధికరణమునకు లోబడి యనియు చెప్పినది. ఆ పెంపును వెంటనే చేయవలెనను వ్యాజ్యమును సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టివేసినది. ఈ రెండు సంఖ్యలలో ఏది నిలుచుననునది రామగుండమునకు ఎంత ముఖ్యమో చూడుడు. 2011 నాటి తెలంగాణ జనము ఇంచుమించు మూడున్నర కోట్లు. దానిని 153 చేత భాగించిన స్థానమునకు 2 లక్షల 29 వేలు. రామగుండము పట్టణ మొక్కటే సరిగా ఒక స్థానమగును. 119 చేత భాగించిన 2 లక్షల 94 వేలు. అప్పుడు పట్టణము చాలదు, మరి అరువది వేలకు పైగా జనమును చుట్టుప్రక్కల పల్లెల నుండి తెచ్చుకొనవలెను. మొదటి లెక్కలో పల్లెలు పట్టణము నుండి విడివడును. రెండవ లెక్కలో పట్టణము పల్లెలను చేయి చాచి అడుగవలెను. క్రొత్త జనాభా లెక్కలతో ఈ అంకెలు మారును గాని ఈ తీరు మారదు. రాజధాని చుట్టును జనము ఇంకను దట్టమగుచుండుటచే, స్థానముల సంఖ్య పెరుగనిచో అచ్చటికి పోవు ప్రతి స్థానమును ఏదో ఒక జిల్లా విడువవలసినదే. జనము నిలువని సీమ ముందుగా విడువవలసి వచ్చును.

2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగ గ్రహించి జనాభా లెక్కలు జరుపుటకు 2025 జూన్‌లో ప్రకటనము వెలువడినది. లెక్కల నియమము ప్రకారము రాత్రి డ్యూటీకి పోయినవాడు తన ఇంటి లెక్కలోనే చేరును. మూడవ షిఫ్టునకు దిగినవానికి ఆ విషయమున భయము లేదు. చిక్కంతయు కాంట్రాక్టు కార్మికునిది. ముప్పై, నలువది కిలోమీటర్ల దూరమున నున్న పల్లె నుండి మోటారు సైకిలు మీద వచ్చి ఓపెన్‌కాస్టులో మన్ను తీసి, తిరిగి పల్లెకే పోవు యువకులు నేడు ఎందరో కలరు. వారి చెమట గోదావరిఖనిలో, వారి లెక్క పల్లెలో. టీకొట్టు వృద్ధుని మనుమడును అట్టివాడేనట. క్వార్టరు విడిచిన నాడు ఆ కుటుంబము సొంత ఊరు చేరినది. "మరి మీ ఓటెక్కడ?" అని మేమడిగితిమి. "నాది ఇక్కడ్నే ఉన్నది సారూ, తీసెయ్యలే. పోరనిది ఊర్లె. ఓట్లనాడు నేను బస్సెక్కి వస్త" అని ఆయన లేచి, చేతిసంచి సర్దుకొని, బస్టాండు వైపు నడిచెను.